సుతిపిట్ట

9 ఫిబ్రవరి 2025, ఆదివారం

మొదలుపెట్టేశాను! ఉలవకొండ చరిత్ర. పుస్తకం.

నలభై మూడేళ్లు ఈ కొండ కింద బతికాను. పదహారేళ్లుగా దీని కింది హైస్కూల్లో బయాలజీ చెప్తున్నాను. దీని గురించి ఇంతవరకు ఒక్క పేజీ రాయలేదంటే సిగ్గుగా ఉంది. ఈ రోజు పొద్దున నూట పన్నెండో మెట్టు మీద అక్షరాలు దొరికాయి. పాత సున్నం గీకి, తడిగుడ్డతో తుడిచి, బొగ్గుపొడి రుద్దితే నాలుగు మాటలు తేలాయి. "రాజ్యం తన తల్లి పేర." అంతే. ఈ రాజ్యం అనే మనిషి ఎవరో, ఎప్పటి తల్లో. మెట్టు మీద కూలబడి గట్టిగా నవ్వాను. కొబ్బరికాయలమ్మే సుబ్బరావమ్మ గారు పైనుంచి దిగుతూ ఆగింది. "ఏంది టీచరమ్మా, ఒక్కదానివే నవ్వుకుంటన్నావు?" అని అడిగింది. చూపించాను. ఇరవై ఏళ్లుగా ఆ మెట్టు మీదే బుట్ట దించుతోందట. ఆవిడా కూర్చుని చూసింది.

సాయంత్రం కాటన్ మిల్లు నుంచి మా ఆయన హయాత్ రాగానే చెప్పాను. ఎవరు చదువుతారు అన్నాడు. నేను చదువుతాను అన్నాను.

16 ఫిబ్రవరి, ఆదివారం

నాన్న దగ్గర కూర్చున్నాను. మూడు గంటలు! ఫోన్‌లో రికార్డింగ్, చేతిలో నోట్‌బుక్.

మా నాన్న సిలార్ సాహెబ్. డెబ్బై ఆరేళ్లు. కొండ మీది స్వామికి మూడు తరాల సన్నాయి మాది. ముత్తాత మీరా హుస్సేన్, ఆయన కొడుకు, తర్వాత నాన్న. తిరునాళ్లలో స్వామి పల్లకీ మెట్లెక్కుతూ మూడో మండపం దగ్గర ఆగుతుంది. అక్కడ సన్నాయి ఒక చిన్న వరస వాయించాలి. మెట్ల వరస అంటారు. ఆరు స్వరాలే. ప మ గ రి గ మ. అక్కడితో ఆగిపోతుంది, గాల్లో కాలు పెట్టినట్టు.

ఆ వరస ముత్తాతకి ఎవరు నేర్పారో ఈ రోజు తెలిసింది. పిట్ట! మూడో మండపం పక్క ఎలుగులోయలో ఒక పిట్ట అదే పాడేదట. పిచ్చుక కంటే చిన్నది. వీపు నీలం, గొంతు నారింజ. మావాళ్లు దాన్ని సుతిపిట్ట అనేవాళ్లు. చిన్నప్పుడు ముత్తాత తనని భుజాన వేసుకుని తెల్లారకముందే అక్కడికి తీసుకెళ్లేవాడని నాన్న చెప్పాడు.

ఇప్పుడు లేదట. పదిహేనేళ్లయింది పోయి. "మిరప మందులకి పిట్టలన్నీ పోలా? ఇదీ పోయింది. పిట్ట పోయింది, నా పాటా పోయింది," అన్నాడు నాన్న. పన్నెండేళ్లుగా ఆయన సన్నాయి ముట్టుకోలేదు. ఒక్కసారి వాయించమన్నాను. గోడకేసి తిరిగి పడుకున్నాడు.

చాప్టర్ పేరు దొరికింది. "పోయిన పిట్ట". వస్తూ వస్తూ దారిలోనే రెండు పేజీలు మనసులో రాసేసుకున్నాను.

2 మార్చి

కళ్లాల్లో మిర్చి. ఊరంతా తుమ్ములు. ఒక్క లైను రాయలేదు.

14 మార్చి, శుక్రవారం

కొత్త ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ స్కూల్‌కి వచ్చాడు. చైతన్యకృష్ణ, సింగరాయకొండ వాళ్లబ్బాయి. ఉద్యోగం వచ్చి ఏడాది కాలేదు. వేసవిలో అడవికి నిప్పు పెట్టొద్దని పిల్లలకు చెప్పి, స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ తను తీసిన పిట్టల ఫొటోలు చూపించాడు. నేను కొండ చరిత్ర రాస్తున్నానని తెలిసి, ఊళ్లో ఎవరో చెప్పిన సుతిపిట్ట గురించి అడిగాడు. పోయిందండీ అన్నాను. ఎవరు చూశారు పోయిందని, అని అడిగాడు.

ప్రశ్న చిన్నదే. ఇంటికొచ్చాక కూడా బుర్రలో తిరుగుతోంది. పిల్లలకి నేను రోజూ చెప్పేది అదే కదా. చూశావా? రాసుకున్నావా?

4 మే, ఆదివారం, ఉదయం 9 గంటలు

ఉంది. ఉంది. ఉంది!

అక్షరాలు నాకే అర్థం కావట్లేదు. అయినా రాస్తాను.

ఎలుగులోయకి పైనుంచి దిగక్కర్లేదు. కొండ వెనక పత్తిచేల గట్టు మీదుగా నడిస్తే లోయ మూతికే వెళ్తాం. ఐదున్నరకి చైతన్యకృష్ణ, నేను చేరాం. లోపల మేలో కూడా చల్లగా ఉంది. ఎండిన ఆకులు, వెలగచెట్టు, రాళ్ల సందుల్లో కాస్త తడి. అరగంట కూర్చున్నాం. దోమలు. నేను విసుక్కోబోతున్నాను. అంతలో తలమీది కొమ్మ నుంచి సన్నగా, గాజుముక్కలు ఒకదాని మీద ఒకటి రాలినట్టు, పాట!

కిందికి దిగి మళ్లీ పైకెక్కింది. మెట్ల వరసే! నేను ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి విన్న వరస. ఎంతో పైస్థాయిలో, ఎంతో వేగంగా, కానీ అదే. నీలం వీపు. నారింజ గొంతు. నా బొటనవేలంత ప్రాణి, గొంతు ఉబ్బించి, కొండంతా తనదే అన్నట్టు పాడింది. లేచి చప్పట్లు కొట్టబోతే చైతన్యకృష్ణ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. తర్వాత సారీ మేడమ్ అన్నాడు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలీదు.

రెండు పిట్టలున్నాయి. రెండు! గూడు కూడా ఉండొచ్చట. ఫోన్‌లో పదకొండు నిమిషాలు రికార్డ్ చేశాడు.

చాప్టర్ పేరు కొట్టేశాను.

4 మే, మధ్యాహ్నం

నాన్నకి ఫోన్‌లో వినిపించను. తీసుకెళ్లి చూపిస్తాను. బుల్లయ్య మామని కూడా. నలభై ఏళ్లు నాన్న పక్కన డోలు కొట్టిన మనిషి, ఆయన లేకుండా ఎలా? ఎందుకో చెప్పకుండా గురువారం తెల్లవారుజామున తయారుగా ఉండమన్నాను. ఏం దాస్తన్నావే అని అమ్మ నిలదీసింది. నోరు బిగబట్టుకోవడం నా వల్ల కావట్లేదు!

8 మే, గురువారం, ఉదయం 10 గంటలు

ఎలా రాయాలి.

అంతా సరిగ్గా కుదిరింది. చేలగట్టు దాకా ఆటో వచ్చింది. నాన్న నా భుజం పట్టుకుని నడిచాడు. లోయ మూతి దగ్గర రాయి మీద దుప్పటి పరిచి ఆయన్ని కూర్చోబెట్టాను. పది నిమిషాలకే పిట్ట వచ్చింది. సరిగ్గా ఎదురుగా, పది అడుగుల్లో. పాడింది. బుల్లయ్య మామ నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. కళ్లలో నీళ్లు.

నేను నాన్న మొహం చూస్తున్నాను. ఆ మొహం కోసమే కదా నాలుగు రోజులు ఆగాను.

నాన్న అటూ ఇటూ చూశాడు. "ఏందమ్మా, ఎందుకు తీసుకొచ్చావు ఇక్కడికి?" అన్నాడు.

వేలు పెట్టి చూపించాను. చూశాడు. ఆ రంగు చూసి లేవబోయాడు. "అదేనే! అదే!" పిట్ట ముక్కు తెరిచి, గొంతు అదురుతూ, పాడుతూనే ఉంది. నాన్న ఒక చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఎదురుచూశాడు. చాలాసేపు చూశాడు.

"పాడదేం?" అన్నాడు.

మాటలైతే నాన్నకి బాగానే వినిపిస్తాయి. అందుకే మాకెవ్వరికీ అనుమానం రాలేదు. పిట్ట ఎప్పుడూ ఎక్కడికీ పోలేదు.

8 మే, సాయంత్రం 4 గంటలు

బుల్లయ్య మామ ఇంటికి వెళ్లాను. నన్ను చూడగానే తల దించుకున్నాడు. నాకు ముందే తెలుసమ్మా అన్నాడు.

ఆఖరి మూడేళ్లు నాన్న పైస్థాయిలో తప్పుతూ వచ్చాడట. కింద బాగానే ఉండేది. పైకెళ్తే స్వరం జారిపోయేది, నాన్నకి మాత్రం సరిగ్గానే ఉన్నట్టుండేది. అలాంటి చోటల్లా మామ డోలు రెట్టింపు మోత మోగించి కప్పేసేవాడు. దర్శి దగ్గర ఒక పెళ్లిలో మాత్రం కప్పలేకపోయాడు. పెళ్లికొడుకు మేనమామ లేచి, చాల్లే పెద్దాయనా, డీజే పెట్టుకుంటాం అన్నాడట. అదే ఆఖరు. అది కాలం మహిమ అనుకుని నాన్న ఇంటికొచ్చేశాడు.

ఎందుకు చెప్పలేదు మామా అని అరిచాను. నిజంగానే అరిచాను.

"చెప్తే వాడు సన్నాయి దించేస్తాడమ్మా," అన్నాడు. "వాడు దించితే నేనెవరికి కొట్టను?"

11 మే, ఆదివారం

చెప్పేశాను. అమ్మ ముందే చెప్పాను. చెవి తగ్గింది నాన్నా, పిట్ట పాడుతూనే ఉంది అన్నాను. బుల్లయ్య మామ చెప్పింది కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది. తొందర నాకు. సంతోషంలోనూ తొందరే, నిజం చెప్పడంలోనూ తొందరే.

నాన్న అరవలేదు. నన్ను ఇంటికి వెళ్లమన్నాడు.

25 మే, ఆదివారం

రెండు వారాలు. నాన్న టీకొట్టుకి పోవట్లేదట. బుల్లయ్య మామ రెండుసార్లు వచ్చి తలుపు కొట్టి వెళ్లాడట. నాన్న కదల్లేదు. "వినబడలేదేమో అనుకున్నా, కానీ నా వంక చూసి తలుపు తియ్యొద్దని చెయ్యి ఊపాడే," అంది అమ్మ. అమ్మ పేరు మదార్‌బీ. నలుగురు మనుషుల ఓపిక ఆవిడకి ఒక్కదానికే ఇచ్చాడు దేవుడు. అది కూడా అయిపోవచ్చింది.

నోట్‌బుక్ తెరవలేదు. కొండ కేసి చూడబుద్ధి కాలేదు.

1 జూన్, ఆదివారం

చైతన్యకృష్ణ ఫోన్. ఒక ఐడియా మేడమ్ అన్నాడు. రికార్డింగ్‌ని సగం స్పీడ్‌కి తగ్గిస్తే పాట ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఇంకో సగం తగ్గిస్తే ఇంకో స్థాయి. సార్‌కి వినబడే చోటికి పిట్టని దించుదాం అన్నాడు.

పిట్టని దించుదాం! వీడికి ఎవరు నేర్పారు ఇలా మాట్లాడ్డం?

వాట్సాప్‌లో పంపాడు. నేను విన్నాను. గాజుముక్కల శబ్దం పోయి వెదురు గొట్టంలోంచి ఎవరో నింపాదిగా ఊదినట్టుంది. సన్నాయే. అచ్చం సన్నాయే!

2 జూన్, సోమవారం

ఇది వరసగా రాయాలి. ఒక్క ముక్క పోకూడదు.

పదకొండు గంటలకి వెళ్లాను. నాన్న మంచం మీద ఉన్నాడు. ఏమీ చెప్పలేదు. ఫోన్ దిండు పక్కన పెట్టి ప్లే నొక్కాను.

మొదటిసారి కదల్లేదు. రెండోసారి కళ్లు తెరిచాడు. మూడోసారి లేచి కూర్చున్నాడు. నాలుగోసారి వేళ్లు కదిలాయి. ఊరికే కాదు, సన్నాయి రంధ్రాల మీద కదిలినట్టు కదిలాయి. పన్నెండేళ్ల తర్వాత.

మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ. మళ్లీ. చివరికి ఫోన్ లాక్కుని తనే నొక్కుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. ఆగి నా మొహం చూశాడు.

"ఏడు," అన్నాడు.

నాకర్థం కాలేదు.

"ఆరు కాదే! ఏడున్నాయి! ప మ గ రి గ మ, మళ్లీ ప! చివర పంచమానికి వచ్చి కూర్చుంటోంది చూడు! గాల్లో వదిలెయ్యట్లా!"

నేనూ విన్నాను. నిజం. చివర ఒక సన్నటి స్వరం, మిగతావాటి కంటే మెత్తగా, అసలు లోయలో నాకే ఆనలేదు. మూడు తరాలుగా మావాళ్లు ఆరే వాయించారు. తిరునాళ్లకొచ్చే జనమంతా ఆరే విన్నారు.

నాన్న భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తున్నాడనుకుని దగ్గరికెళ్లాను. నవ్వుతున్నాడు! పొట్ట పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వుతున్నాడు.

"మా తాతకీ చెవుడే! ఒసే మదారూ, ఇటు రావే! మీరా హుస్సేన్ సాహెబు! అంతటి మీరా హుస్సేనుకీ చెవుడే!"

అమ్మ గరిటెతో పరిగెత్తుకొచ్చింది. విషయం చెప్తే ఆవిడకీ నవ్వు ఆగలేదు. ముత్తాత పిట్ట పాట పట్టుకునేసరికి నలభై దాటి ఉంటాడు. అప్పటికి పాతికేళ్లుగా చెవి పక్కన డోలు, నోట్లో సన్నాయి. మెత్తటి ఏడో స్వరం ఆయనకి అందలేదు. మా ఇంటి జబ్బు అది. మా ఇంటి పని అది.

నవ్వులు తగ్గాక నాన్న ఒక మాట అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

"నాకు అనుమానం లేదనుకున్నావా? ఏదో ఒకటి చచ్చిపోవాలి కదమ్మా. పిట్టా, నేనా అని చూసుకుంటే పిట్టే అనుకున్నా."

తర్వాత డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోదాం అని అడిగాడు. ఆయనే అడిగాడు!

10 జూన్, మంగళవారం

గుంటూరు. బ్రాడీపేటలో హియరింగ్ క్లినిక్. ఆటోలు, కోచింగ్ సెంటర్ల పిల్లలు, ఎండ. నాన్నని గాజుగదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టారు. వినబడగానే చెయ్యెత్తమన్నారు. నాన్న వినబడినప్పుడల్లా చెయ్యెత్తడమే కాకుండా అది ఏ స్వరమో కూడా చెప్పాడు. టెస్ట్ చేసే అమ్మాయి మాస్క్ తీసేసి నవ్వింది.

గ్రాఫ్ చూపించింది. కింది స్వరాల దగ్గర గీత తిన్నగా ఉంది. పైకెళ్లేకొద్దీ బావిలోకి దూకినట్టు పడిపోయింది. నాన్న ఆ కాగితాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, ఇదిగో, ఇక్కడే నేను దర్శిలో పడింది అన్నాడు.

చెవి మెషిన్లు రెండు వారాల్లో వస్తాయి. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చిలకలూరిపేట దాకా ఏడు స్వరాలూ పాడుతూనే ఉన్నాడు. కండక్టర్ కూడా నేర్చేసుకుని ఉంటాడు.

24 జూన్, మంగళవారం

వచ్చేశాయి! రెండు చెవులకీ!

నాన్నకి ఈ రోజు వినబడినవి: అమ్మ గాజులు. ఫ్యాన్ కిర్రుమనడం. బల్లి. కాఫీలో చక్కెర కలిపితే చెంచా. తన చొక్కా చెయ్యి మంచానికి రాసుకోవడం. టీవీ సౌండ్ పన్నెండు దగ్గర పెట్టాడు. పొద్దున వరకు నలభై. అమ్మ వంటింట్లో ఏదో కూనిరాగం తీస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి, ఇన్నాళ్లూ నువ్వు పాడుతున్నావా అని అడిగాడు. పెళ్లైనకాడి నుంచీ పాడుతూనే ఉన్నా అంది అమ్మ. అక్కడే గడప మీద కూర్చుండిపోయాడు. నేను వచ్చేశాను. వాళ్లిద్దరి మధ్య నాకేం పని.

29 జూన్, ఆదివారం

లోయ. వర్షం పడి రెండు రోజులైంది. రాళ్ల మధ్య నీళ్లు పారుతున్నాయి. పచ్చటి వాసన.

పొద్దున బయల్దేరేటప్పుడు బుల్లయ్యకి చెప్పు అన్నాడు నాన్న, అంతే. చైతన్యకృష్ణకి నేనే చెప్పాను. మామ వచ్చాడు. కానీ చేలగట్టు దగ్గరే ఆటో పక్కన నిలబడిపోయాడు, పిలిచినా రాకుండా.

పిట్ట పాడింది. నాన్న విన్నాడు. మే నెలలో చూడాలనుకున్న మొహం ఈ రోజు చూశాను. దాని గురించి రాయను. రాస్తే తగ్గిపోతుంది.

చాలాసేపటి తర్వాత నాన్న వెనక్కి తిరిగాడు.

"ఒరేయ్ బుల్లిగా! ఇటు రా."

మామ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని వచ్చాడు.

"ఎన్నాళ్లు తప్పాను?"

"మూడేళ్లు."

"మూడేళ్లూ డోలు మోగించి కప్పెట్టావా?"

"కప్పెట్టా."

"చేతులు నొప్పులు పుట్టలా?"

"పుట్టినై."

నాన్న ఆ చేతులు పట్టుకుని చూశాడు. గట్టిపడిన వేళ్లు, వంకరపోయిన చూపుడువేలు. చైతన్యకృష్ణ, నేను పిట్టని చూస్తున్నట్టు నటించాం.

"ఈసారి తప్పితే చెప్పాల," అన్నాడు నాన్న. "చెప్పకపోతే నీతో వాయించను. వేరేవాణ్ణి చూసుకుంటా."

"నీకెవడు దొరుకుతాడ్రా ఈ వయసులో?" అన్నాడు మామ.

వాయించను అన్నాడు. అంటే వాయిస్తాడు! గట్టు మీద పరిగెత్తాను. నలభై మూడేళ్ల టీచర్ని, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని!

6 జూలై, ఆదివారం

సన్నాయి మూతికి పెట్టి ఊదే పీకలు కొత్తవి తెప్పించాం. పాతవి ముట్టుకుంటే పొడైపోయాయి. నాన్న మెషిన్లు పెట్టుకునే ఊది, ఎవరో చెంప మీద కొట్టినట్టు ఎగిరిపడ్డాడు. అంత మోత. వాయించేటప్పుడు తీసెయ్యాల్సిందే. తీస్తే పైస్థాయి వినబడదు. చెవులు అమ్మ చేతిలో పెట్టి, బుల్లయ్య మామని ఎదురుగా కూర్చోమన్నాడు.

గాలి నిలవట్లేదు. రెండు ఊపిర్లకే ఆయాసం. రోజూ సాధన చేస్తానంటున్నాడు.

13 జూలై, ఆదివారం

మూడో మండపం. పొద్దున ఆరు.

ఏడు స్వరాలు. బుల్లయ్య మామ పదకొండు సార్లు తప్పు అన్నాడు. పదకొండు సార్లూ నాన్న ఆగి, పీక తడిపి, మళ్లీ మొదలుపెట్టాడు.

పన్నెండోసారి మామ ఏమీ అనలేదు. డోలు ఒళ్లోకి లాక్కున్నాడు.